అడవి అప్పు తీర్చిందెవరు?

అడవుల పెంపకానికని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ప్రపంచబ్యాంకు 1994లో ఒకసారి, 2002లో మరోసారి రుణమిచ్చింది. ఆ డబ్బుతో వన సంరక్షణ సమితులు ఊరూరా విస్తరించాయి. కాగితం మీద సమితి గ్రామానిది, పెత్తనం అటవీశాఖది. అనేకచోట్ల ఆదివాసుల పోడు భూములే సమితుల తోటలయ్యాయి. జొన్న, కంది పండిన నేలలో నీలగిరి మొలిచింది. తరతరాల సాగుదారు ‘ఆక్రమణదారు’ అయ్యాడు. అప్పు ప్రభుత్వం పేరున ఉన్నా, మూల్యం చెల్లించింది ఆదివాసి.

సామూహిక అడవిని కాపాడి నిర్వహించుకునే హక్కు అటవీవాసులదేనని 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. నేడు అదే అడవికి కర్బన నిల్వ పేరుతో ధర కడుతున్నారు. విదేశీ నిధులు వద్దని నేననను. గ్రామసభ సమ్మతి లేని రూపాయి మాత్రం అడవిలో అడుగుపెట్టరాదంటాను. ముందు హక్కుపత్రం, ఆ తరువాతే మొక్క.