తాబేటికి వడదెబ్బ

స్థితప్రజ్ఞుని లక్షణాలను వివరిస్తూ భగవద్గీత రెండవ అధ్యాయం తాబేటిని ఉపమానంగా గ్రహించింది. అవయవాలను లోనికి ముడుచుకొనే ఆ నేర్పు తాబేటిని శత్రువుల నుండి కాపాడుతుంది. ఎండ నుండి మాత్రం కాపాడలేదు. అమెరికాలో, ముఖ్యంగా ఆరిజోనా, టెక్సాస్ వంటి వేడి ప్రాంతాలలో, పిల్లల ముచ్చట తీర్చడానికి మెట్ట తాబేళ్ళను పెంచే కుటుంబాలు ఉన్నాయి. "ఎడారి జంతువే కదా, ఎండ దాన్నేం చేస్తుంది?" అన్న నమ్మకం ఆ మూగజీవికి ప్రాణాంతకం కావచ్చు.

మానవ శరీరం తన వేడిని తానే పుట్టించుకొంటుంది. ఎక్కువైనప్పుడు చెమట రూపంలో తగ్గించుకొంటుంది. తాబేటికి ఈ రెండు వసతులూ లేవు. దానిని శీతల రక్త జంతువు అనడం పరిపాటి గాని, దాని రక్తం ఎల్లవేళలా చల్లగా ఉండదు. పరిసరాలను బట్టి మారుతూ ఉంటుంది. అందువల్ల ఒంటి వేడిని అదుపులో ఉంచుకోవడానికి దానికి ఉన్న ముఖ్య సాధనం కాళ్ళు. రాయలసీమ మెట్టలలోని నక్షత్ర తాబేలు వేసవిలో ఉదయ సాయంకాలాలలో తిరిగి, మధ్యాహ్నం పొదల కింద తలదాచుకొంటుంది. ఆరిజోనాలోని సొనోరన్ ఎడారి తాబేలు సంవత్సరంలో అధిక భాగం బొరియలోనే గడుపుతుంది. ఎడారిలో అది బ్రతకగలుగుతున్నది ఎండను ఓర్చుకొని కాదు, ఎండను తప్పించుకొని. మనం కట్టిన దడి ఆ తప్పించుకొనే దారిని మూసివేస్తుంది.

వేడి పెరిగినప్పుడు శరీరంలో జరిగేదేమిటి? ఉష్ణోగ్రత 10 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుందన్నది రసాయన శాస్త్రంలో స్థూలమైన సూత్రం. శరీరానికి కావలసిన ప్రాణవాయువు కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీల సెంటీగ్రేడు, అనగా 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ప్రాంతంలో తాబేలు ప్రమాదపు అంచున ఉన్నట్లే. అంతకు మించితే, ఉడికిన గ్రుడ్డు తెల్లసొన తిరిగి నీరు కానట్లే, చెడిన మాంసకృత్తులు పూర్వరూపం పొందడం దుర్లభం.

ఆ దశకు చేరువైనప్పుడు ఎడారి తాబేలు నోటి వెంట నురుగు కార్చి, మెడను, ముంగాళ్ళను తడుపుకొంటుంది. చెమట లేని జీవికి ఇది ఆఖరి ఆయుధం. శరీరపు వేడి వద్ద 1 గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 575 కాలరీల ఉష్ణం కావాలి. ఆ లెక్కన 3 కిలోల తాబేటి ఒంటి వేడి ఒక్క డిగ్రీ సెంటీగ్రేడు తగ్గాలంటే దాదాపు 4 గ్రాముల నీరు ఖర్చవుతుంది. బయటి నుండి వేడి వచ్చి పడుతూనే ఉంటే ఈ ఖర్చుకు అంతుండదు. కనుక నోట నురుగు కనిపిస్తే ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయరాదు. గాభరాగా గోడ వెంట తిరగడం, నోరు తెరచి శ్వాసించడం, పిదప కాళ్ళు, మెడ వ్రేలాడవేయడం ఇతర సూచనలు.

నివారణకు నీడ అవసరమే గాని, నీడ ఒక్కటే చాలదు. 2023లో ఫీనిక్స్ నగరంలో వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 సెంటీగ్రేడు డిగ్రీలు, అంతకు పైన నమోదయింది. గాలే తాబేటి ఒంటికన్న వేడిగా ఉన్నప్పుడు చెట్టు నీడ ఏపాటిది? అటువంటి చోట మట్టిలోనికి దిగిన లోతైన బొరియ తప్పనిసరి. ఆరిజోనా వన్యప్రాణి శాఖ ఎడారి తాబేళ్ళను దత్తత ఇచ్చేటప్పుడు పెరట్లో బొరియ ఉండాలని కోరడానికి కారణం ఇదే.

తాబేటిని కాంక్రీటు నేలపై వదలరాదు. గాలి కన్న ఆ నేల చాలా వేడెక్కుతుంది. లోతు తక్కువ పళ్ళెంలో నీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. గాజు తొట్టెను కిటికీ ఎండలో పెట్టరాదు. వెలుగు లోనికి పోతుంది, వేడి బయటకు రాదు. మూసిన కారులో అయిదు నిమిషాలైనా ఉంచరాదు. ఇంటిలోపల దీపం కింద పెంచేవారు ఒక చివర 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంచితే, రెండవ చివర 75, 80 మధ్య ఉండేటట్లు చూడాలి. ఎటు పోవాలో తాబేలే నిర్ణయించుకొంటుంది. ఎండలో వెల్లకిలా పడిన తాబేలు తిరగబడలేకపోతే త్వరలోనే మరణిస్తుంది. కనుక పెరట్లో ఎక్కి పడిపోయే రాళ్ళు, మెట్లు ఉండరాదు.

వడదెబ్బ తగిలితే వెంటనే చల్లని గదిలోనికి తేవాలి. కాస్త చల్లగా ఉన్న నీటిని వెడల్పు పళ్ళెంలో గడ్డం కిందికి మాత్రమే వచ్చేటట్లు పోసి, అందులో నిలిపి, డిప్పపై, కాళ్ళపై నీరు చిలకరించాలి. నీరసించిన తల నీటిలో మునగకుండా చేతితో పట్టుకోవాలి. మంచు నీరు పనికిరాదు: చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొనిపోయి లోపలి వేడి బయటకు రావడం మందగిస్తుంది. నోటిలో బలవంతంగా నీరు పోస్తే ఊపిరితిత్తులలోనికి పోవచ్చు. కదలిక లేదని చనిపోయిందనుకోరాదు. దాని గుండె మిక్కిలి నెమ్మదిగా కొట్టుకొంటూ ఉండవచ్చు. తేరుకొని నడిచినా సరే, సరీసృపాల చికిత్సలో అనుభవమున్న పశువైద్యునికి ఆనాడే చూపించాలి. మూత్రపిండాలకు, మెదడుకు కలిగిన హాని కొన్ని రోజుల తరువాత బయటపడవచ్చు.

కుక్క మొరుగుతుంది, పిల్లి అరుస్తుంది. తాబేలు తన బాధను చెప్పుకోలేదు. దాని బొరియ ముందు ఒక ఉష్ణమాపకం ఉంచి, వేసవి మధ్యాహ్నాలలో దానిని చదివే బాధ్యతను మన పిల్లలకు అప్పగిద్దాం. విజ్ఞాన శాస్త్రంలోను, భూతదయలోను వారికి అదొక మంచి పాఠం.