కళ్లె రంగు చూడవలదా?

మా అత్తగారు నలువదేండ్లు కట్టెలపొయ్యి ముందు గూర్చుండి ఊదుగొట్టముతో నిప్పు రాజేసినవారు. చుట్ట యెన్నడును ముట్టలేదు. ఐనను నాలుగు మెట్లెక్కిన నాయాసము, తెల్లవారిన దగ్గు. కళ్లె యుమ్మినచో మాకు గనబడకుండ బూడిద గప్పి పారబోసెడివారు. దానిని చూచుట యసహ్యమని యామె యెంచిరి. నేనును నట్లే యెంచితిని. పొరపాటు మా యిరువురిదియు.

కళ్లె ఆకుపచ్చనగుట కేమి హేతువు? మన నెత్తుటిలోని తెల్లకణములలో న్యూట్రోఫిల్ అనునవి కావలివారివంటివి. ఊపిరితిత్తులలో పొగ సోకినను, సూక్ష్మజీవులు చొచ్చినను ముందుగా బరుగెత్తునవి యివియే. వీనిలో మైలోపెరాక్సిడేజ్ అను మాంసకృత్తు గలదు. దాని రంగే ఆకుపచ్చ! 1941లో స్వీడను దేశీయుడగు ఆగ్నర్ దానిని వేరుచేసి, ఆ రంగునుబట్టియే వెర్డోపెరాక్సిడేజ్ అని పేరిడెను. కళ్లె యెంత ముదురాకుపచ్చయైన నందు న్యూట్రోఫిల్ కణము లంత యధికము.

ఆ కణములయందే ఎలాస్టేజ్ అను మఱియొకటి గలదు. అది శత్రువులనే గాక, ఊపిరితిత్తులకు సాగుగుణ మొసగెడి తంతువులనుగూడ గొఱికివేయును. కంచె చేను మేసినట్లే గదా! దానిని గట్టివేయు మాంసకృత్తు నెత్తుటిలో వేఱుగా నుండును. 1963లో స్వీడనులోని మాల్మో నగరమున లారెల్, ఎరిక్సన్ అనువారు రమారమి 1500 రక్తరసములను జూడగా, అయిదింట నీ కాపు మాంసకృత్తు లోపించెను. ఆ యైదుగురిలో మువ్వురి ఊపిరితిత్తులు శిథిలములై యుండెను.

నేడు ఎలాస్టేజ్ కొలతయే వ్యాధితీవ్రతకు గుఱుతగుచున్నది. శ్వాసనాళములు వెడల్పై కఫము నిలిచిపోవు బ్రాంకియెక్టాసిస్ అను రోగమున, కళ్లెలో నిది హెచ్చుగ నున్నవారికి రోగము మాటిమాటికి దిరుగబెట్టునని పరిశోధకులు కనుగొనిరి. ఎలాస్టేజ్ బలపడకుండ జేయు బ్రెన్సోకాటిబ్ అను మాత్రకు 2025లో అమెరికాలో అనుమతి లభించినది. అది యా రోగమునకే గాని, పొయ్యిపొగ తెచ్చిన ఆయాసమునకు గాదు.

ఇట్టి కొలతలు మా యూరి వైద్యునియొద్ద లేవు. కాని రంగు ముదిరినకొలది ఎలాస్టేజ్ గూడ హెచ్చుననియే తెలియుచున్నది. రంగు చూచుటకు కన్నులు చాలును. తెల్లని పింగాణిగిన్నె యొకటి వేఱుగా నుంచి వారము దినములు చూచితిని. మూడునాళ్లు లేతపసుపు, నాలుగవనాడు ఆకుపచ్చ, పరిమాణము రెట్టింపు. ఆ మాట వినగానే వైద్యుడు కళ్లెపరీక్షకు వ్రాసెను. రంగొక్కటియే సూక్ష్మజీవులకు రుజువు గాదనియు, దగ్గు రెండు వారములు మించిన క్షయపరీక్ష తప్పదనియు, నెత్తురు గనబడిన నొక దినమైన నాగరాదనియు జెప్పెను.

క్షయ లేదని తేలినది. గిన్నె మాత్రము నేటికిని మంచముక్రిందనే యున్నది. నేను వంగి చూచినప్పుడెల్ల అత్తగారు "చూడకే అమ్మాయీ" యని మొగము త్రిప్పుకొందురు.