తువ్వాలు మీది చీటీ: హోటళ్లలో పర్యావరణహిత ఆచరణ – ఒక పరిశీలన

హోటల్ స్నానాలగదిలో తువ్వాలును మళ్లీ వాడి పర్యావరణాన్ని కాపాడమని కోరే చీటీ నేడు సర్వసాధారణం. ఉతుకుడు తగ్గితే నీరు, విద్యుత్తు, డిటర్జెంటు ఆదా అవుతాయి. యాజమాన్యం ఖర్చు కూడా తగ్గుతుంది. ఆ మాట చీటీలో ఉండదు. అమెరికా పర్యావరణవాది జే వెస్టర్‌వెల్డ్ 1986లో ఇటువంటి చీటీలను విమర్శిస్తూనే 'గ్రీన్‌వాషింగ్' అనే పదాన్ని ప్రయోగించాడు.

అయినా చీటీ నిష్ఫలం కాదు. గోల్డ్‌స్టీన్, చియాల్డీని, గ్రిస్కెవీషియస్ 2008లో ప్రచురించిన క్షేత్ర ప్రయోగంలో పర్యావరణం పేరిట చేసిన విజ్ఞప్తికి సుమారు 35 శాతం అతిథులు స్పందించారు. అధికసంఖ్యాక అతిథులు తువ్వాళ్లను తిరిగి వాడుతున్నారని తెలిపినప్పుడు అది 44 శాతానికి పెరిగింది. వారి రెండవ ప్రయోగంలో, ఇదే గదిలో బసచేసినవారి ఉదాహరణ చూపగా 49 శాతం దాటింది. ఉపదేశం కంటే తోటివారి నడవడికే బలమెక్కువ అన్నమాట.

కానీ ఈ కొలత అతిథిదే, హోటల్‌ది కాదు. పైగా తెలుగునాట 'హోటల్' అంటే ముందుగా భోజనశాల. అక్కడ తువ్వాలు ప్రసక్తే లేదు. విస్తరిలో మిగిలిన అన్నం, వంటగది తడి చెత్త ఉన్నాయి. భారత ప్రభుత్వ 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను మూలస్థానంలోనే వేరుచేయడాన్ని హోటళ్ల బాధ్యతగా నిర్దేశించాయి. కనుక మన పరిశోధకుడు అతిథికి ప్రశ్నావళి ఇచ్చే ముందు వంటగది వెనుక తడి చెత్త డబ్బాను రోజూ తూకం వేయించడం మేలు.