‘డిజాస్ట్రస్’ – అర్థము, ప్రయోగము

ఆంగ్లమునందలి ‘డిజాస్ట్రస్’ అను విశేషణమునకు తెలుగున ‘వినాశకరమైన’, ‘అనర్థదాయకమైన’, ‘ఉపద్రవకరమైన’ అను మాటలు వాడబడుచున్నవి. వీనిలో ఏది యెచట తగునో నిర్ణయించుటకు ఆ పదము పుట్టుకను, ప్రయోగమును వేర్వేరుగా పరిశీలింపవలసి యున్నది.

దీనికి మూలమైన ‘డిజాస్టర్’ అను నామము ఇటాలియను భాషనుండి ఫ్రెంచి ద్వారమున 16వ శతాబ్దమున ఆంగ్లమును చేరినది. అందు పూర్వభాగము చెడుగును, ఉత్తరభాగము నక్షత్రమును తెలుపును. దుష్టనక్షత్రమువలన కలిగిన కీడని వ్యుత్పత్త్యర్థము. మన ‘గ్రహపాటు’ దీనికి మిక్కిలి సన్నిహితము. ఉభయ భాషలవారును ఆపదకు కారణమును ఆకసమునందే వెదకిరి.

అయినను వ్యుత్పత్తి కలిసినంతమాత్రమున ప్రయోగము కలియదు. నేటి ఆంగ్లమున ఈ విశేషణము కారణమును గాక ఫలమును చెప్పును. వరదకును, పాలకుల నిర్ణయమునకును గూడ ఇది చెల్లును. తెలుగున వరదను ‘వినాశకరమైన’దనియు, నిర్ణయమును ‘అనర్థదాయకమైన’దనియు అనుట యుక్తము. ‘గ్రహపాటు’ అన్నచో మానవుని బాధ్యత మరుగుపడును. కావున అది ఇచట పనికిరాదు.

ఉదాహరణములు చూతము. 2024 డిసెంబరు 21, 22, 23 తేదీలలో ప్రకాశము జిల్లా ముండ్లమూరు ప్రాంతమున భూమి స్వల్పముగా కంపించినది. జనులు భయపడి ఇండ్లనుండి వెలుపలికి వచ్చిరి, ప్రాణనష్టము కలుగలేదు. అది భూకంపమే గాని ‘డిజాస్ట్రస్’ కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలకొలది ప్రాణములను గొన్నది. అచట ఆ విశేషణము సార్థకము.

ముండ్లమూరునకు పడమటనున్న మార్కాపురము, గిద్దలూరు సీమల కరవు మూడవ విధమైనది. దానికి ధ్వని లేదు, ఫలానా దినమున వచ్చినదని చెప్ప వీలులేదు. వానలు తప్పును, బావులు ఇంకును, పైరు మాడును, కూలిజనము వలసపోవును. ఆకస్మికత్వమును, శకునభావమును గల ‘ఉత్పాతము’ అను మాట దీనికి పొసగదు. ఫలమునుబట్టి మాత్రము ఇదియు ‘డిజాస్ట్రస్’ అగును. ‘వినాశకరమైన కరవు’ అనుటలో అతిశయోక్తి లేదు.

కావున అనువాదకుడు సంఘటన పేరునుబట్టి గాక, దానివలన ఏమి నశించినది, ఎంత నశించినది అని విచారించి ఈ విశేషణమును తెలిగింపవలెను. చిన్న కంపమునకు దీనిని తగిలించినచో నిష్కారణభయము కలుగును. కరవునకు దీనిని నిరాకరించినచో అందవలసిన సాయము వెనుకబడవచ్చును. పదనిర్ణయము ఇచట నిఘంటువుతో ముగియు విషయము కాదని మా అభిప్రాయము.