వివాహ విచ్ఛేదము - న్యాయమార్గము

నికాహ్ ఒక పవిత్రమైన ఒప్పందము. అది నిలువలేనపుడు గౌరవముగా ముగించుకొను మార్గమును కూడ ధర్మశాస్త్రము చూపినది. అయినను మన గోదావరి సీమలో, గల్ఫు దేశమునకు పోయి కబురైన పంపని భర్త కొరకు ఏండ్ల తరబడి పుట్టింట ఎదురుచూచు సోదరీమణులు గలరు. ఏ గడప తొక్కవలెనో తెలియకపోవుట వారి కష్టమును రెట్టింపు చేయుచున్నది.

1939 నాటి ముస్లిం వివాహముల రద్దు చట్టము ప్రకారము, భర్త జాడ నాలుగేండ్లుగా తెలియకున్నను, రెండేండ్లు పోషింపకున్నను, సరియైన కారణము లేక మూడేండ్లు దాంపత్యధర్మము నెరవేర్పకున్నను, ఏడేండ్లు లేక అంతకు మించిన జైలుశిక్ష ఖాయమైనను, క్రూరముగా హింసించినను భార్య విడాకులు కోరవచ్చును. 15 ఏండ్లు నిండకముందే పెద్దలు పెండ్లి చేసియుండి, కాపురము జరుగనిచో, 18 ఏండ్లు నిండులోపల ఆ వివాహమును నిరాకరింపవచ్చును. దావా వేసినందున మహర్‌పై గల హక్కు పోదు.

1984 చట్టము ననుసరించి, కుటుంబ న్యాయస్థానము గల ప్రాంతములో అచ్చటనే అర్జీ దాఖలు చేయవలెను; లేనిచోట సివిలు కోర్టులో వేయవలెను. తూర్పుగోదావరి కలెక్టరు కచేరి చిరకాలము కాకినాడలో నున్నను, జిల్లా న్యాయస్థానము మాత్రము రాజమహేంద్రవరముననే కలదు. పశ్చిమగోదావరి వారికి అది ఏలూరున గలదు. 2022లో జిల్లాల సరిహద్దులు మారినవి కనుక, తమ ఊరు ఏ కోర్టు పరిధిలోనిదో ముందుగా విచారించుకొనుట మేలు.

అర్జీలో వివాహము జరిగిన తేదీ, స్థలము, విడాకులకు కారణములు వివరించి, నికాహ్‌నామా నకలు జతపరుపవలెను. భర్త జాడ తెలియనిచో, అతడు మరణించియున్న యెడల వారసులు కాదగినవారి పేర్లు, చిరునామాలు కూడ వ్రాయవలెను. వారికి నోటీసులు పోవును. ఈ కారణముపై పొందిన డిక్రీ ఆరు మాసముల పిమ్మటనే అమలులోనికి వచ్చును. భర్త జాడ తెలిసియు పైకము పంపకున్నచో, పోషణ లేమి యను కారణముపై దావా వేయవచ్చును.

ఖాజీగారి సలహా విలువైనదే. కాని 1880 నాటి ఖాజీల చట్టము వారికి తీర్పు చెప్పు అధికారము నొసగలేదు. కావున ఖులా పొందిన స్త్రీ సైతము కుటుంబ న్యాయస్థానము నుండి తన వైవాహిక స్థితిని ధ్రువపరచు ప్రకటన పొందుట క్షేమము. ఒక్కమారుగా పలుకు మూడు తలాకులు 2019 చట్టము ప్రకారము చెల్లవు; పలికిన భర్తకు మూడేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చును.

ధనము లేదని వెనుదీయ నక్కరలేదు. 1987 చట్టము క్రింద ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీయు ఉచిత న్యాయసహాయమునకు అర్హురాలు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకొనిన న్యాయవాదిని నియమింతురు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ వీధిలో అట్టి సోదరి యున్నచో, ఆమె దరఖాస్తు వ్రాసిపెట్టి, కోర్టు వరకు తోడు వెళ్ళుడు. మీ చదువునకు అంతకన్న సార్థకత ఏమున్నది?