తడిసి ఆరిన గింజ

వేసవిలో గుడిబండ వైపు వెళితే బోరు కింద ఉన్న కూరగాయల మడి ఒకటి చూడండి. రాత్రి పారించిన నీళ్లకు నల్లగా తడిసిన మట్టి పొద్దెక్కేసరికి తెల్లబారుతుంది. బోదె నెత్తిన సున్నం చల్లినట్టు సన్నటి పొర లేస్తుంది. వేలికి అద్ది నాలుకకు రాసుకుంటే ఉప్పన, వెనకే చిరుచేదు. చౌడు! గుమ్మం దాటితే కన్నడ సీమ. అక్కడ దీన్నే చౌళు అంటారు. ఒకప్పుడు బట్టల మురికి వదిలించిన మట్టీ ఇదే.

ఇది సముద్రం ఇచ్చిన ఉప్పు కాదు. రాతి గుట్టలు యుగాలుగా అరిగి వదిలిన లవణాలు బోరు నీళ్లతో పైకొస్తాయి. నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి, ఉప్పు ఉండిపోతుంది. కడిగి పంపాల్సిన వాన పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే.

ఆ మట్టిలో పడుతుంది టమాట ఇత్తనం. గ్రాముకు దాదాపు 300 తూగే నూగు గింజ. చుట్టూ తడే, అయినా గొంతు తడవదు. ఉప్పు పట్టించిన మామిడి ముక్క నీరు వదులుతుందే గానీ పీల్చదు కదా, అదే లెక్క. ఉప్పుకు బాగా ఓర్చుకుంటుందని పేరున్న బీట్‌రూట్ కూడా మొలకెత్తే వేళ మాత్రం బెదురుతుంది.

మరి ఇదే గింజను మంచినీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, మొలక ముక్కు బయటపడకముందే తీసి నీడలో ఆరబెడితే? నీళ్లు పీల్చి ఉబ్బడం చచ్చిన గింజ కూడా చేస్తుంది. బతికున్న గింజ అక్కడ ఆగదు. పైకి కదలిక ఉండదు గానీ, లోపల దెబ్బతిన్న జన్యుపోగుల మరమ్మతు మొదలవుతుంది, వేరుకు అడ్డున్న పొరను మెత్తబరిచే ఎంజైములు తయారవుతాయి. ఆరాక మళ్లీ మామూలు గింజలాగే కనిపిస్తుంది. జరిగిన పని మాత్రం చెరిగిపోదు. చౌటిలో వేస్తే ఆపిన చోటి నుంచే అందుకుని, పక్క గింజలకన్నా ముందే తలెత్తుతుంది. అన్నీ గట్టెక్కవనుకోండి.

కీర గింజల్ని పాలల్లోనో నీళ్లలోనో నానబెడితే త్వరగా మొలుస్తాయని గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ 2,300 ఏళ్ల కిందటే రాశాడు. ఇంకో చిత్రం: టమాట గింజల్ని ఉప్పు నీళ్లలోనే నానబెట్టి ఆరబెట్టినా, తర్వాత ఉప్పు మట్టిలో తొందరగా మొలిచాయని ప్రయోగాల్లో తేలింది. రుచి ముందే చూపించినట్టన్నమాట!

ఇత్తనాన్ని బోదె నెత్తిన పెట్టకండి, ఉప్పు ఎక్కి కూర్చునేది అక్కడే. పక్క వాలున పెట్టండి. ఆరబెట్టిన గింజను మరుసటి ఏడాదికి దాచొద్దు, దాని ఆయుష్షు తగ్గుతుంది. మందు పట్టించిన రంగు ఇత్తనాలను మాత్రం నానబెట్టకండి.