కంప్యూటరులో ప్రకటనల చొరబాటు

ప్రకటన యనునది దానంతట అది చెడ్డది కాదు. నరసాపురము బజారులో దుకాణముపై వ్రాసిన పేరు ప్రకటనయే. సంతలో కేకవేయు వర్తకుని మాటయును ప్రకటనయే. మా ఆకాశవాణి కూడ 1967 నవంబరు 1వ తేదీన వివిధభారతిలో వాణిజ్య ప్రసారములను ఆరంభించినది. ఈ ప్రకటనలన్నిటికిని రెండు మర్యాదలు కలవు. తాము ప్రకటనలమని అవి దాచుకొనవు. విన నిష్టము లేనివారు మీట త్రిప్పినచో అవి ఆగిపోవును. ఈ రెండు మర్యాదలను తప్పిన ప్రకటనను గూర్చి ఈ ప్రసంగమున చెప్పదలచితిమి. అది మన కంప్యూటరులో మనకు తెలియకుండ కాపురము పెట్టును, తాను ప్రకటననని ఒప్పుకొనదు, పొమ్మన్నను పోదు. ఇట్టి ప్రకటనలను తెచ్చిపెట్టు సాఫ్ట్‌వేరును యాడ్‌వేరు అందురు.

పశ్చిమ గోదావరి జిల్లాలో సముద్రమునకు చేరువనున్న మొగల్తూరునే ఉదాహరణముగా తీసికొందము. వరిచేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు గల ఆ ప్రాంతమున నేడు కంప్యూటరుతో పని పడు కుటుంబములు ఎన్నియో కలవు. ఒకరికి ధ్రువపత్రము కావలెను. ఒక విద్యార్థి ప్రవేశపరీక్షకు దరఖాస్తు పంపవలెను. ఒక రైతు బ్యాంకు ఖాతా చూచుకొనవలెను. గల్ఫు దేశమునకు పోవు కుమారుని కాగితములను ఒక తండ్రి అచ్చు తీయించుకొనవలెను. అందరి యిండ్లలోను కంప్యూటరు ఉండదు గనుక ఒకే యంత్రము ముందు పలువురు కూర్చుందురు. ఇంటిలోని కంప్యూటరైనను అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు ఉమ్మడి సొత్తే. కావున ఒకరు తొందరలో తెచ్చిన బెడద అందరి మెడకును చుట్టుకొనును.

ఈ బెడద వచ్చినదని తెలిసికొనుట ఎట్లు? బ్రౌజరు తెరచినంతనే మనము పెట్టుకొనిన పేజీకి బదులు పేరు తెలియని పేజీ యేదో కనబడును. ఒకటి వెదకబోయిన మరియొక చోటికి కొనిపోవును. తెర మూలనుండి చిన్న పెట్టెలు లేచి, మీ కంప్యూటరులో వైరసులున్నవి, వెంటనే ఇచ్చట నొక్కుడని భయపెట్టును. మనము చేర్చని టూల్‌బారు బ్రౌజరులో వెలయును. యంత్రము మందగించును. ఇవన్నియు కేవలము చిరాకు కలిగించునవి మాత్రమే యని అనుకొనరాదు. బ్యాంకు సహాయ కేంద్రపు నంబరు వెదకుచున్న వృద్ధునకు యాడ్‌వేరు ముందుగా చూపునది మోసగాని నంబరు కావచ్చును. దరఖాస్తు రుసుము కట్టబోవు విద్యార్థికి చూపునది నకిలీ వెబ్‌సైటు కావచ్చును. అప్పుడు పోవునది పొదుపు సొమ్ము, లేదా ఒక విద్యా సంవత్సరము.

ఇంత శ్రమపడి పరుల కంప్యూటరులో ప్రకటనలు దూర్చుటవలన ఎవరికేమి లాభము? లాభము చిన్న చిన్న మొత్తములలో వచ్చును. ప్రకటన ఒకసారి కనబడినందుకు కొంత, దానిపై నొక్కినందుకు కొంత, ఒక సాఫ్ట్‌వేరును వేరొక యంత్రమున చేర్పించినందుకు కొంత లభించును. ఒక యంత్రముపై వచ్చునది పైసలే. కాని యంత్రములు కోట్లయినప్పుడు పైసలు కోట్ల రూపాయలగును. 2017 జూనులో చెక్‌పాయింట్ అను భద్రతా సంస్థ ఫైర్‌బాల్ అను యాడ్‌వేరును బయటపెట్టినది. బీజింగులోని రాఫోటెక్ అను ప్రకటనల సంస్థ దీనిని ఉచిత సాఫ్ట్‌వేరులకు జతచేసి వ్యాపింపజేసినదని ఆ సంస్థ తెలిపినది. ప్రపంచమున 25 కోట్ల కంప్యూటర్లకు ఇది సోకినదనియు, అందు 2 కోట్ల 53 లక్షలు భారతదేశమునందే యున్నవనియు, ఏ దేశమునందును ఇంతకు మించి లేవనియు అది లెక్క కట్టినది. ఈ సంఖ్య వాస్తవమునకు మించినదని మైక్రోసాఫ్ట్ ఆక్షేపించినది. అంకె ఎంతయైనను ఒక సంగతి స్పష్టము. ఆ ఫైర్‌బాల్ బ్రౌజరు మొదటి పేజీని మార్చుటతో ఆగలేదు. కోరినప్పుడు మరి యే సాఫ్ట్‌వేరునైనను ఆ యంత్రములో దింపగల శక్తి దానికి కలదు. ప్రకటన కొరకు తెరచిన తలుపు దొంగకును తెరచిన తలుపే యగును.

క్రొత్త యంత్రము కొన్నంత మాత్రమున నిశ్చింత లేదు. 2014 చివరి నెలలలో లెనోవో సంస్థ అమ్మిన కొన్ని ల్యాప్‌టాపులలో సూపర్‌ఫిష్ అను ప్రకటనల సాఫ్ట్‌వేరు ముందే చేర్చబడియుండెను. బ్యాంకు పేజీలకు ఉండవలసిన రహస్య రక్షణను సైతము అది బలహీనపరచుచున్నదని 2015 ఫిబ్రవరిలో వెల్లడి కాగా, దానిని తీసివేయు సాధనమును లెనోవో సంస్థయే ప్రజలకు అందించినది.

ఇక యాడ్‌వేరు వచ్చు ద్వారములను చూతము. వైరసు మన యనుమతి లేకుండ వచ్చును. యాడ్‌వేరు చాలవరకు మన యనుమతితోనే వచ్చును. దీనిలోని మర్మమంతయు ఇదియే. ఒక ఉచిత సాఫ్ట్‌వేరును ఇన్‌స్టాలు చేయునప్పుడు తెరపై పేజీ వెంట పేజీ వచ్చును. మనము చదువక 'నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ' అని నొక్కుచు పోదుము. మూడవ పేజీలోనో, నాలుగవ పేజీలోనో చిన్న గడిలో ముందుగనే టిక్కు పెట్టి, 'ఈ టూల్‌బారును కూడ చేర్చుము' అని వ్రాసియుండును. మనము నొక్కిన నొక్కుడే మన సంతకమైనది. మన దేశపు సమాచార సాంకేతిక చట్టము, 2000, యజమాని యనుమతి లేకుండ కంప్యూటరులో వైరసునుగాని, ఇతర కలుషితమునుగాని ప్రవేశపెట్టుట తప్పని 43వ సెక్షనులో చెప్పుచున్నది. అదే పని మోసబుద్ధితో చేసినవానికి మూడేండ్ల వరకు కారాగారమో, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని 66వ సెక్షను చెప్పుచున్నది. యాడ్‌వేరు వ్యాపారి తప్పించుకొన జూచునది ఆ 'అనుమతి' అను ఒక్క మాట వెనుకనే.

రెండవ ద్వారము ఉచిత సినిమా. మొగల్తూరు పేరు వినగానే తెలుగువారికి సినిమా తలపునకు వచ్చును. కృష్ణంరాజు, చిరంజీవి ఆ యూరివారే గదా. అభిమాన నటుని చిత్రమును విడుదలైన దినముననే ఊరక చూడవలెనను తహతహ కుర్రవారిని దొంగ వెబ్‌సైట్లకు చేర్చును. అచ్చట 'డౌన్‌లోడు' అను గుర్తులు నాలుగైదు కనబడును; వానిలో పెక్కు ప్రకటనలే. 2025 నవంబరులో తెలుగు చిత్రములను ఇట్లు చూపించు వెబ్‌సైటు నిర్వాహకు నొకనిని హైదరాబాదు పోలీసులు నిర్బంధించిరి. ప్రేక్షకులను జూదపు యాప్‌ల వైపు మళ్లించినట్లు పోలీసులు అతనిపై ఆరోపణ చేసిరి. టిక్కెట్టు వెల లేదనుకొనిన సినిమాకు వేరొక రూపమున వెల కట్టవలసి వచ్చునని దీనివలన తెలియుచున్నది.

మూడవ ద్వారము నోటిఫికేషను. ఏదో వెబ్‌సైటు తెరచినప్పుడు, 'మీరు మనుష్యులేనని తెలుపుటకు అలౌ నొక్కుడు' అని కనబడును. నొక్కినచో నాటినుండి ఆ వెబ్‌సైటు తన ప్రకటనలను మన తెరపైకి ఎప్పుడు కావలసిన అప్పుడు పంపగలదు. ఇందు సాఫ్ట్‌వేరు చేరనే లేదు; మనమిచ్చిన సెలవు మాత్రమే కలదు. నాల్గవ ద్వారము బ్రౌజరునకు తగిలించు ఎక్స్‌టెన్షనులు. కూపనులు, వాతావరణము, వీడియో డౌన్‌లోడు అను పేర్లతో వచ్చు వీనిలో కొన్ని ప్రకటనల ఏజెంట్లు.

ఇక నిర్మూలన. కాలువలో గుర్రపుడెక్కను పైపైన తీసి నాలుగు మొక్కలు మిగిల్చినచో కొలది దినములలో ఏమగునో గోదావరి డెల్టా రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. యాడ్‌వేరు సంగతియు అంతే. ఇచ్చిన యనుమతులను ఒక్కొక్కటిగా, వరుస తప్పక వెనుకకు తీసికొనవలెను.

మొదట, ముఖ్యమైన పత్రములను, ఫొటోలను పెన్‌డ్రైవులోనికి ఎత్తుకొనవలెను. ఇన్‌స్టాలు చేయు ఫైళ్లను మాత్రము వానితో కలుపరాదు. పని ముగియు వరకు ఆ యంత్రముపై బ్యాంకు పేజీలు తెరువరాదు.

రెండవది, బ్రౌజరు సెట్టింగ్స్‌లో నోటిఫికేషనుల పట్టికను చూచి, తెలియని వెబ్‌సైట్లకు ఇచ్చిన సెలవును రద్దుచేయవలెను. తెర మూల లేచు పెట్టెల బాధ పలుమారు దీనితోనే తీరును.

మూడవది, ఎక్స్‌టెన్షనుల పట్టిక తెరచి, మనము కోరి చేర్చుకొననివానిని తొలగింపవలెను.

నాల్గవది, విండోస్ సెట్టింగ్స్‌లోని యాప్స్ పట్టికను తేదీల వరుసలో చూడవలెను. బెడద మొదలైన దినమున, లేదా దాని ముందు దినమున చేరిన పేర్లపై అనుమాన ముంచవలెను. తెలియని పేరు కనబడినచో అది యేమో విచారించిన పిదపనే అన్‌ఇన్‌స్టాలు చేయవలెను. ఏలయన ప్రింటరు మొదలైన పరికరములకు అవసరమైన సాఫ్ట్‌వేరుల పేర్లు కూడ మనకు వింతగానే యుండును.

ఐదవది, బ్రౌజరును రీసెట్టు చేయవలెను. క్రోమ్ బ్రౌజరులో ఇట్లు చేసినను దాచుకొనిన బుక్‌మార్కులు, పాస్‌వర్డులు పోవు. కాని గూగులు ఖాతాద్వారా సింక్ నడచుచున్నచో, ఈ యంత్రమున తీసిన ఎక్స్‌టెన్షను మరియొక యంత్రమునుండి తిరిగి రావచ్చును. తీసిన బెడద మరల వచ్చినదని నిరాశపడువారు మొట్టమొదట చూడవలసినది ఇది.

ఆరవది, పరీక్ష. విండోస్‌తోపాటు ఉచితముగా వచ్చు మైక్రోసాఫ్ట్ డిఫెండరుతో పూర్తి స్కాను నడపవలెను. అప్పటికిని లొంగనిచో ఆఫ్‌లైన్ స్కాను కలదు. అది కంప్యూటరును తిరిగి ప్రారంభించి, విండోస్ మేలుకొనక ముందే వెదకును. యాడ్‌వేరు కొరకే నిర్మించిన ఆడ్వ్‌క్లీనరు అను చిన్న ఉచిత సాధనమును మాల్‌వేర్‌బైట్స్ సంస్థ అందించుచున్నది. దానిని ఆ సంస్థ వెబ్‌సైటునుండియే తీసికొనవలెను. భారత ప్రభుత్వ సంస్థయైన సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రమును నెలకొల్పి, యంత్రములను శుభ్రపరచు ఉచిత సాధనములను ప్రజలకు అందుబాటులోనికి తెచ్చినది. ఒక హెచ్చరిక: తెరపై లేచిన పెట్టె చూపు 'వైరసు తొలగించు' సాధనమును ఎన్నడును తీసికొనరాదు. రోగము నంటించినవాడే వైద్యుని వేషమున వచ్చుట యది.

ఇవన్నియు చేసినను బాధ తీరనిచో విండోస్‌ను మరల మొదటినుండి ఎక్కించుట ఉత్తమము. శుభ్రపడిన తరువాత బ్యాంకు, మెయిలు పాస్‌వర్డులను మార్చుకొనవలెను. తెరపైని నంబరుకు ఫోనుచేసి ఎవరైనను డబ్బు పోగొట్టుకొనినయెడల సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930 నంబరుకు తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును దారిలో ఆపుటకు అంత అవకాశము.

నివారణకు ఖర్చు లేదు. ఓపిక మాత్రము కావలెను. సాఫ్ట్‌వేరును దాని తయారీదారు వెబ్‌సైటునుండియే తీసికొనవలెను; వెదకినప్పుడు పైవరుసలో 'స్పాన్సర్డ్' అని యున్నది ప్రకటనయని మరువరాదు. ఇన్‌స్టాలు చేయునప్పుడు 'ఎక్స్‌ప్రెస్' అను తొందర దారిని విడిచి 'కస్టమ్' అను దారిని ఎన్నుకొని, అక్కరలేని టిక్కులను తీసివేయవలెను. విండోస్ సెక్యూరిటీలో అక్కరలేని యాప్‌లను అడ్డగించు సెట్టింగును పనిచేయనీయవలెను. పలువురు వాడు యంత్రమున ఇంటి పెద్దకో, కేంద్రపు యజమానికో మాత్రమే ఇన్‌స్టాలు చేయు అధికారముంచి, తక్కినవారికి సామాన్య ఖాతా నీయవలెను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రములు గలవారు ఈ సంగతిని గూడ గమనింపవలెను.

ఇంగ్లీషు రానివారు ఇవన్నియు ఎట్లు చదువగలరని అడుగవచ్చును. సమంజసమైన ప్రశ్నయే. తెలియని భాషలో వ్రాసిన దస్తావేజుపై మన పెద్దలు వేలిముద్ర వేయుటకు ముందు చదువనేర్చిన నలుగురికి చూపి అడుగుచుండిరి. తెరపై 'ఐ అగ్రీ' అను మాటయు అట్టి దస్తావేజే. అది అర్థము కానప్పుడు నొక్కక ఆగుటకు ఇంగ్లీషు రానక్కరలేదు; ప్రక్కనున్న విద్యార్థిని ఒక్కమాట అడిగిన చాలును. ఆ ఒక్క క్షణము ఆగనందువలననే గదా, ఒకరి నొక్కుడు పదిమంది పనులకు ఆటంక మగుచున్నది.